పేరు పెట్టి పిలిస్తే

హాప్సలు రేవు పక్కన, పాత ఉప్పు గోదాము పై అంతస్తులో
మా ఆఫీసు. పడవ టికెట్ల లెక్క చూసే ప్రోగ్రాము మాది.
దానికి కాపలా పదకొండు వందల నలభై పరీక్షలు.
అన్నిటినీ పరిగెత్తిస్తే ముప్పై ఎనిమిది నిమిషాలు.
నేను ఒక్క అంకె మారుస్తాను,
కాఫీ పెట్టుకుంటాను, కాఫీ చల్లారిపోతుంది,
అప్పుడు మొదలవుతుంది చుక్కల వరుస:
పచ్చ, పచ్చ, పచ్చ, పచ్చ,
ఎక్కడో తొమ్మిది వందల చిల్లర దగ్గర ఒక ఎరుపు.

ఒక్కడితో మాట్లాడాలంటే
ఊరంతా నిద్ర లేవాలా?

జూన్ నెల. రాత్రి పదకొండు, కిటికీలో ఇంకా వెలుతురే.
కూర్చుని ఇరవై వరుసల చిన్న ప్రోగ్రాము రాశాను.
నల్లటి తెర మీద రెండు మాటలు కొడితే చాలు:
క్లాసు పేరు, అందులో ఒకరి పేరు.
ఇది వెళ్లి క్లాసు తలుపు దగ్గర నిలబడుతుంది,
హాజరుపట్టీ అడుగుతుంది,
ఆ ఒక్కరినే లేచి రమ్మంటుంది.
దీన్ని రిఫ్లెక్షన్ అంటారు. ప్రోగ్రాము తనని తాను
అద్దంలో చూసుకోవడమట.
నాకు మాత్రం అద్దంలో ముఖం కనపడలేదు,
పేర్లే కనపడ్డాయి.

పిలిచాను: యాతే. మంచుదారి.
శీతాకాలం సముద్రం గడ్డకట్టి వోర్మ్‌సి దీవికి
కార్లు నడిచి వెళ్లే రోజున
టికెట్టు అమ్మకూడదని చెప్పే పరీక్ష.
'అ' మీద రెండు చుక్కలు పెట్టడం మరిచాను.
అలాంటి పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరంది.
చుక్కలు పెట్టాను. ఉన్నాడు గానీ లోపల గడియ అంది.
గడియ తీయమని ఒక వరుస రాశాను.
వచ్చాడు, వచ్చీరాగానే కూలబడ్డాడు.
ఓ కవరు చేతికొచ్చింది. పైన రాసి ఉంది:
తప్పు పిలిచినవాళ్లది కాదు, లోపల చూడు.
లోపల చూస్తే, శూన్యం.
పరీక్షకు ముందు పలక తుడిచి, బల్ల సర్దే పని ఒకటుంటుంది;
అందరూ కలిసి నడిచేటప్పుడు ఎవరో చేసిపెట్టేవారు.
ఇప్పుడది నా వంతు. చేశాను.

మళ్లీ పిలిచాను.
ఈసారి కూలబడలేదు. నిలబడి, స్పష్టంగా
కాదు అన్నాడు.
మంచు లేదు. పడవ నడుస్తోంది. టికెట్టు అమ్మాను.

కిటికీ వైపు చూశాను.
నిజమే, మంచు లేదు.

తొమ్మిదేళ్లుగా ఈ పరీక్ష పచ్చ.
రాసినవాడు ఎంద్రిక్, రిటైరై ఇప్పుడు వోర్మ్‌సిలోనే
తేనెటీగలు పెంచుతున్నాడు.
ఈ వెలుతురులో నిద్రపోయి ఉండడని ఫోన్ చేశాను.
"వైకే, దానికి ముందు వరుసలో ఉన్నదెవరు?" అన్నాడు.
తుఫాను పరీక్ష.
"అది గడియారాన్ని ఫిబ్రవరికి తిప్పుతుంది."
కాసేపు ఏమీ అనలేదు. వెనక ఏదో పక్షి అరుస్తోంది.
"మళ్లీ వెనక్కి తిప్పడం మర్చిపోయానన్నమాట.
దీన్నెవరూ విడిగా అడగలేదు కదా."

గుంపులో గోవిందా అని
పక్కవాడి చలికి వణుకుతూ
తొమ్మిదేళ్లు నెగ్గుకొచ్చాడు.

ఒక వరుస చేర్చాను: నీ ఫిబ్రవరి నువ్వే తెచ్చుకో.
పిలిచాను. ఒకే ఒక్క చుక్క, పచ్చ.
కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.

అక్కడితో లేచి ఇంటికి పోవలసింది.
పోలేదు. మొదటి క్లాసు మొదటి పేరు దగ్గర మొదలుపెట్టి
ఒక్కొక్కరినే పిలుస్తూ కూర్చున్నాను.
పక్కవాళ్ల డబ్బు జేబులో వేసుకున్నవాడు,
నిన్నటి ప్రయాణికుడిని ఇవాళ లెక్కపెట్టినవాడు,
ఏమీ అడక్కుండా ఊరికే తలూపి వెళ్లిపోయేవాడు
(వాణ్ని రాసింది నేనే, సంతకం ఉంది).
టికెట్టు చుట్ట వెనక పెన్సిలుతో పేర్లు, పదిహేడు.

ఐదున్నరకు మొదటి పడవ కూత వేసింది.
అర్వో సైకిలు హెల్మెట్ తీయకుండానే తెరలోకి తొంగిచూశాడు.
"అన్నీ పచ్చేనా?"
"అందరూ కలిసి ఉంటే, అవును."
నా చేతిలోని కాగితం చూశాడు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి,
కుర్చీ లాక్కున్నాడు.
"సరే, చదువు."